పరిశోధన శాశ్వతం, పరిశోధకుడు మాత్రం తాత్కాలికమా?

జాతీయ పరిశోధనాలయాలు వెలువరిస్తున్న ఉద్యోగ ప్రకటనలను మన సభ్యులందరూ ఒకసారి శ్రద్ధగా చదవవలసిందిగా కోరుతున్నాము. రసాయన శాస్త్రంలోనో, జీవశాస్త్రంలోనో, ఎలక్ట్రానిక్సులోనో ఉన్నత పట్టా ఉండాలి. జాతీయ స్థాయి అర్హత పరీక్షలో ఉత్తీర్ణత పొంది ఉండాలి. ఫలానా యంత్రంపై పనిచేసిన అనుభవం ఉంటే ప్రాధాన్యం ఇవ్వబడుతుంది. ఇంతవరకు బాగానే ఉన్నది. ఆ తరువాత వచ్చే షరతులను చూడండి. నియామకం పూర్తిగా తాత్కాలికం. గడువు ఆరు నెలలో, పదకొండు నెలలో, మహా అయితే ఏడాదో. ప్రాజెక్టు ముగిసిన నాడే ఉద్యోగమూ ముగుస్తుంది. సంస్థలో శాశ్వత ఉద్యోగం కోరే హక్కు ఏ రూపంలోనూ ఉండదు. ఇంటర్వ్యూకు వచ్చేవారికి దారిఖర్చులు సైతం ఇవ్వబడవు.

అవే సంస్థల వార్షికోత్సవ వేదికలపై మరొక పాట వినిపిస్తుంది. ఇన్ని సాంకేతిక పరిజ్ఞానాలను పరిశ్రమలకు బదిలీ చేశాము, ఇన్ని ఒప్పందాలపై సంతకాలు జరిగాయి, విజ్ఞాన రంగంలో యువతకు అవకాశాల ద్వారాలు తెరుచుకున్నాయి అని పెద్దలు ప్రకటిస్తారు.

ద్వారాలు తెరుచుకున్న మాట నిజమే. అయితే అవి లోపలికి రావడానికి ఎంత తెరిచి ఉన్నాయో, బయటకు గెంటడానికి అంతకు రెట్టింపు తెరిచి ఉన్నాయి. ఈ ప్రకటనకూ ఆ ప్రసంగానికీ పొంతన లేదని మేము స్పష్టంగా చెప్పదలచుకున్నాము. పరిజ్ఞానం దస్తావేజులలో ఉండదు, మనుషులలో ఉంటుంది. ఆ మనుషులను తాత్కాలికం చేసిన దేశానికి బదిలీ చేయడానికి చివరకు ఏమీ మిగలదు.

బదిలీ అయ్యేది ఏమిటి?

సాంకేతిక పరిజ్ఞాన బదిలీ అంటే ఒక ఒప్పంద పత్రం, ఒక పేటెంటు నకలు, ఒక ఫోటో అని మన అధికారులు భావిస్తున్నట్లున్నది. ఇల్లు అలకగానే పండుగ కాదు. ప్రయోగశాలలో ఒక లీటరు గాజు ఫ్లాస్కులో జరిగిన రసాయన చర్యను కర్మాగారంలో వెయ్యి లీటర్ల రియాక్టరులో జరపవలసి వచ్చినప్పుడు ఏమవుతుందో ఏ ప్లాంటు ఆపరేటరును అడిగినా చెప్పగలడు. పాత్ర పరిమాణం వెయ్యి రెట్లు పెరిగితే దాని ఉపరితలం సుమారు వంద రెట్లే పెరుగుతుంది. కనుక ఫ్లాస్కు గోడగుండా సులభంగా వెలుపలికి పోయిన వేడి, రియాక్టరులో లోపలే పేరుకొనిపోతుంది. అప్పుడు చర్య అదుపు తప్పవచ్చు, ఉత్పత్తి చెడవచ్చు, ప్రాణాలే పోవచ్చు. ఆమ్లాన్ని ఎంత నెమ్మదిగా కలపాలి, ఏ రంగు మారినప్పుడు ఆపాలి, ఏ మలినం ఏ దశలో చేరుతుంది అనే సంగతులు పేటెంటులో పూర్తిగా వ్రాయబడవు. అవి ఆ ప్రయోగాన్ని వందసార్లు చేసి, తొంభైసార్లు విఫలమైన పరిశోధకుని చేతిలో, అతని పక్కన నిలబడిన టెక్నీషియన్ కంటిలో ఉంటాయి.

ఆ చేయి, ఆ కన్ను పదకొండు నెలలకొకసారి మారుతూ ఉంటే పరిశ్రమకు అందేది కాగితం మాత్రమే. కాగితంతో మందు తయారుకాదు, యంత్రం తిరగదు.

మన చరిత్ర చెప్పే సాక్ష్యం

ఇది మా ఊహ కాదు. ఈ దేశంలో విజయవంతమైన ప్రతి పరిజ్ఞాన బదిలీ వెనుక స్థిరమైన ఉద్యోగంలో ఉన్న పరిశోధకుల, సాంకేతిక సిబ్బంది బృందాలు కనిపిస్తాయి.

హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను చూడండి. 1967లో అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో ఆ సంస్థ స్థాపించబడింది. ట్రాంబేలో అణు రియాక్టర్లకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను స్వయంగా రూపొందించిన బృందపు అనుభవమే ఆ సంస్థకు పెట్టుబడి. ఆ బృందానికి నాయకత్వం వహించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు తెలుగువారు. ఆయన పేరిట హైదరాబాదులో ఒక నగరే వెలసింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటరును తయారు చేసింది ఈ సంస్థే. విదేశీ కంప్యూటరు కంపెనీల గుత్తాధిపత్యం సాగుతున్న రోజులలో అది సాధ్యమైందంటే, పరిజ్ఞానంతో పాటు దానిని పుట్టించిన మనుషులు కూడా తరలివచ్చారు కనుకనే.

స్వరాజ్ ట్రాక్టరు కథ కూడా ఇదే. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజినీరింగు పరిశోధనాసంస్థలో ఆ ట్రాక్టరు రూపకల్పన జరిగింది. విదేశీ సహకారం లేనిదే ట్రాక్టరు తయారు కాదని వాదించినవారు అప్పుడూ ఉన్నారు. దానిని రూపొందించిన ఇంజినీర్లే పంజాబు రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు తరలివెళ్ళి, 1974లో మొహాలీలో ఉత్పత్తి ప్రారంభించి ఆ వాదాన్ని పొలంలోనే దున్నివేశారు. తరువాతి కాలంలో ఆ ప్రభుత్వ సంస్థ వాటాలు అమ్ముడుపోయి, 2007లో అది ఒక బడా ప్రైవేటు సంస్థ చేతికి చేరింది. విత్తనం ప్రజలది, పంట ఎవరి గాదెకు పోయిందో పాఠకులు గ్రహించగలరు.

గేదెపాలతో పసిపిల్లల ఆహారం తయారు చేయడం కుదరదని విదేశీ నిపుణులు చెప్పిన కాలంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాసంస్థ దానిని చేసి చూపి, గుజరాతు పాల రైతుల సహకార సంఘానికి అందించింది. ఎయిడ్స్ వ్యాధిగ్రస్తులకు అవసరమైన జిడోవుడిన్ మందు విదేశీ కంపెనీల ధరకు పేదవాడు తాకలేని స్థితిలో ఉన్నప్పుడు, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ దాని తయారీ విధానాన్ని స్వయంగా రూపొందించి దేశీయ సంస్థకు ఇచ్చింది. 1972లో అమలులోకి వచ్చిన 1970 నాటి పేటెంటు చట్టం, హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారం, ఈ పరిశోధనాలయం కలిసి వేసిన పునాది మీదనే నేటి హైదరాబాదు ఔషధ పరిశ్రమ నిలిచి ఉన్నది. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకున్నవారు తరువాత ఎన్నో ప్రైవేటు కంపెనీలకు వెన్నెముక అయ్యారు. ప్రభుత్వ ధనంతో, స్థిరమైన ఉద్యోగాలలో, ఏళ్ళ తరబడి నేర్చిన పని అది. ఏరు దాటి తెప్ప తగలేసినట్లు, నేడు ఆ పునాదినే భారం అంటున్నారు.

అంకెలు దాచలేని నిజం

1958లో పార్లమెంటు ముందుంచబడిన విజ్ఞాన విధాన తీర్మానం, శాస్త్రజ్ఞులకు మంచి ఉద్యోగ పరిస్థితులను, గౌరవప్రదమైన స్థానాన్ని కల్పిస్తామని దేశానికి మాట ఇచ్చింది. ఆ మాట ఏ గతి పట్టిందో ప్రభుత్వపు లెక్కలే చెబుతున్నాయి. 2011-12లో స్థూల దేశీయోత్పత్తిలో 0.76 శాతంగా ఉన్న పరిశోధనా వ్యయం 2020-21 నాటికి 0.64 శాతానికి దిగజారింది. పది లక్షల జనాభాకు మనకున్న పరిశోధకులు 262 మంది మాత్రమే. చైనా తన ఉత్పత్తిలో రెండు శాతానికి మించి, దక్షిణ కొరియా నాలుగు శాతానికి మించి పరిశోధనకు వెచ్చిస్తున్నాయి.

2015 జూన్‌లో డెహ్రాడూన్‌లో వెలువడిన ప్రకటన, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ప్రయోగశాలలు తమ ఖర్చులో గణనీయమైన భాగాన్ని తామే సంపాదించుకోవాలని నిర్దేశించింది. 2023లో చట్టమైన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు ఐదేళ్ళలో 50,000 కోట్ల రూపాయలని ఘనంగా ప్రకటించారు. అందులో ప్రభుత్వం ఇచ్చేది 14,000 కోట్లు. తక్కిన 36,000 కోట్లు ప్రైవేటు, దాతృత్వ వనరుల నుండి రావలసినవి. అంటే ఎక్కువ భాగం ఇతరుల జేబులో ఉన్న డబ్బును తన బడ్జెటుగా చూపడమే.

ఇక యువ పరిశోధకుని సంగతి. జూనియర్ ఫెలోషిప్ నెలకు 25,000 రూపాయల వద్ద ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. 2019 జనవరిలో పరిశోధకులు ఢిల్లీ వీధులలోకి వచ్చిన తరువాతనే అది 31,000 అయింది. మళ్ళీ ఆందోళన జరిగిన తరువాతనే 2023లో 37,000కు పెరిగింది. ధరలు నెలనెలా తమంతట తామే పెరుగుతాయి, ఫెలోషిప్ మాత్రం లాఠీల మధ్య నిలబడి అడిగితే తప్ప పెరగదు. పెరిగినది కూడా సకాలంలో చేతికి రాదు. 2024, 2025 సంవత్సరాలలో ఇన్‌స్పైర్ ఫెలోషిప్ పొందుతున్నవారు అనేకమంది నెలల తరబడి చెల్లింపులు లేక అప్పులు చేసి బ్రతకవలసి వచ్చింది. ఇంటి అద్దె వాయిదా పడదు, కిరాణా కొట్టువాడు ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వు చూసి బియ్యం ఇవ్వడు. పైగా ఇది వేతనం కాదు ఫెలోషిప్ అన్న పేరుతో భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటి హక్కులు ఎగవేయబడుతున్నాయి.

పరిశోధకుని పక్కన మరొకరు ఉన్నారు. పరికరాలను నడిపే టెక్నీషియన్, జంతుశాలను చూసే సహాయకుడు, రాత్రివేళ కోల్డ్ రూములను, ఇంక్యుబేటర్లను కనిపెట్టి ఉండే అటెండరు. వారి పనులు గుత్తేదారుల పరమయ్యాయి. టెండరు మారినప్పుడల్లా వారి యజమాని మారుతాడు, వారి సర్వీసు మళ్ళీ ఒకటవ రోజు నుండి మొదలవుతుంది. విజ్ఞానశాస్త్రం ఇరవైయొకటవ శతాబ్దానిది, ఉద్యోగ పద్ధతి మాత్రం అడ్డా మీద కూలిది.

వారి వాదాలు, మా సమాధానాలు

శాశ్వత ఉద్యోగం మనిషిని సోమరిని చేస్తుందన్నది వారి మొదటి వాదం. ఈ వాదం చేసేవారిలో శాశ్వత ఉద్యోగం వదులుకున్న ఉన్నతాధికారి ఒక్కడైనా ఉన్నాడా అని అడుగుతున్నాము. టి.డి.సి.-12ను, స్వరాజ్‌ను, జిడోవుడిన్‌ను ఇచ్చింది రోజు గడవని తాత్కాలికులు కారు. పని మదింపును మేము వ్యతిరేకించడం లేదు. పని చేయనివాడిని వెనకేసుకొని రావడం మా సంఘ ధర్మం కాదు. అయితే మదింపు వేరు, మెడపై కత్తి వేరు. ఒప్పందం పొడిగింపు కోసం ఎదురుచూసే పరిశోధకుడు నెలలో ఫలితం చూపగల చిన్న సమస్యనే ఎన్నుకుంటాడు. పదేళ్ళు పట్టే పెద్ద సమస్య జోలికి పోడు. తన పై అధికారి లెక్క తప్పని తెలిసినా నోరు విప్పడు. భయం పుట్టినచోట అబద్ధం పుడుతుంది, అబద్ధం పుట్టినచోట విజ్ఞానం చస్తుంది.

వారి రెండవ వాదం డబ్బు లేదన్నది. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం పరిశోధన, అభివృద్ధి, నవకల్పనల పథకం పేరిట 1 లక్ష కోట్ల రూపాయల నిధిని ఆమోదించింది. ఆ నిధి ప్రధానంగా ప్రైవేటు రంగానికి స్వల్ప వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక రుణాలు సమకూర్చడానికి ఉద్దేశించబడింది. కంపెనీలకు వడ్డీ లేని అప్పు ఇవ్వడానికి ఖజానా నిండుగా ఉన్నది. ప్రయోగశాలలో ఖాళీ కుర్చీ నింపడానికి మాత్రం అదే ఖజానా ఖాళీ. ఇది పేదరికం కాదు, ఎంపిక.

ప్రైవేటు పరిశ్రమ ఈ యువకులందరినీ తీసుకుంటుందన్నది మూడవ వాదం. మన దేశపు పరిశోధనా వ్యయంలో ప్రైవేటు పరిశ్రమల వాటా సుమారు 36 శాతమే. చైనాలో పరిశ్రమల వాటా 75 శాతానికి పైనే ఉన్నది. మన బడా పెట్టుబడిదారులకు తయారైన పరిజ్ఞానం చౌకగా కావాలి, దానిని తయారు చేసే కష్టం మాత్రం వద్దు. పాలు కావాలి, గడ్డి వేయడానికి చేయి రాదు.

వారు విద్యార్థులే కాని కార్మికులు కారన్నది ఆఖరి వాదం. పేటెంటు దరఖాస్తుకు కావలసిన ఫలితాలు తెచ్చేటప్పుడు, పరిశ్రమకు నమూనాలు తయారు చేసేటప్పుడు, పండుగనాడు కూడా యంత్రం దగ్గర కాపలా ఉండేటప్పుడు వారు కార్మికులే. హక్కులు అడిగినప్పుడు మాత్రం విద్యార్థులు.

చట్టం ఏమంటున్నది?

1978లో బెంగుళూరు నీటి సరఫరా సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, యాజమాన్యానికీ ఉద్యోగులకూ మధ్య సహకారంతో క్రమబద్ధంగా పని జరిగేచోట పరిశోధనా సంస్థలు కూడా పరిశ్రమ నిర్వచనం కిందకు వస్తాయని చెప్పింది. పాలకులకు అది రుచించలేదు. 1982లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి పరిశోధనా సంస్థలను మినహాయించ చూశారు. ఆ భాగం ఎన్నడూ అమలులోకి రాలేదు. అయినా 1997లో అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయం కేసులో ఆ సంస్థ పరిశ్రమ కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2006 నాటి ఉమాదేవి తీర్పును చూపి తాత్కాలిక ఉద్యోగుల నోళ్ళన్నీ మూయించారు.

అయితే ద్వారం పూర్తిగా మూసుకోలేదు. తాత్కాలికులైనా సమాన పనికి సమాన వేతనం ఇవ్వవలసిందేనని 2016లో పంజాబు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి పారిశుద్ధ్యం, తోటపని చేసినవారిని క్రమబద్ధం చేయమని ఆదేశిస్తూ, ఉమాదేవి తీర్పును దీర్ఘకాలం పనిచేసినవారిపై ఆయుధంగా వాడరాదని 2024 డిసెంబరులో స్పష్టం చేసింది. ఊడ్చే చేతులు గెలుచుకున్న ఆ తీర్పు పరిశోధించే చేతులకు కూడా దారి చూపుతున్నది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక కోడ్‌లు నిర్ణీతకాల ఉద్యోగానికి చట్టబద్ధత కల్పించాయి. శాశ్వతమైన పనిని గడువు ఉద్యోగాలుగా ముక్కలు చేసే పద్ధతికి ఇవి మరింత బలం ఇస్తాయని హెచ్చరిస్తున్నాము.

మన లోపం కూడా ఉన్నది

యజమానులను విమర్శించి మనలను మనం క్షమించుకోవడం నిజాయితీ కాదు. పరిశోధనాలయాలలోని శాశ్వత ఉద్యోగుల సంఘాలు చాలాకాలం ఒప్పంద పరిశోధకుని పరాయివానిగా చూశాయి. పదోన్నతుల కోసం, పెన్షను కోసం పోరాడాము. అవి న్యాయమైనవే. కాని పక్క బల్లపై పనిచేస్తున్న యువతి ప్రసూతి తరువాత తిరిగి వచ్చేసరికి ఆమె ప్రాజెక్టు గడువే తీరిపోయి ఉంటే, అది మన సంఘపు వ్యవహారం కాదనుకున్నాము. పరిశోధకులలో కొందరు తెల్లకోటు వేసుకున్నందున తాము కార్మికులం కామనుకున్నారు. ఈ రెండు భ్రమలనూ యాజమాన్యాలు చక్కగా వాడుకున్నాయి. పదవీ విరమణ చేసిన ప్రతి సహోద్యోగి స్థానంలో ఒప్పంద ఉద్యోగి వస్తుంటే, రేపు సంఘంలో మిగిలేది ఎవరు?

ఐక్యంగా నిలిచినప్పుడు ఏమి సాధ్యమో మనకు తెలుసు. జాతీయ ప్రయోగశాలల పరిజ్ఞానాన్ని ఉత్పత్తిలోకి తేవడానికే 1974లో స్థాపించబడిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్‌ను 2021 నవంబరులో 210 కోట్ల రూపాయలకు అమ్మివేయ నిర్ణయించారు. ఉద్యోగుల సంఘం ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది, దేశం ముందు ప్రశ్నలు లేవనెత్తింది. 2022లో ప్రభుత్వం ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది. సౌరఫలకాలు మొదలుకొని రైల్వే భద్రతా పరికరాల వరకు తయారుచేసే ఆ సంస్థ నేటికీ ప్రజలదిగా నిలిచి ఉన్నదంటే అది కార్మికుల పుణ్యమే.

మా డిమాండ్లు

1. ప్రభుత్వ పరిశోధనాలయాలలో ఖాళీగా ఉన్న శాస్త్రజ్ఞుల, సాంకేతిక సిబ్బంది పోస్టులన్నింటినీ కాలపరిమితి విధించి భర్తీ చేయాలి. ఖాళీల వివరాలు ఏటా బహిరంగంగా ప్రకటించాలి.

2. శాశ్వత స్వభావం గల పనిలో ఏళ్ళ తరబడి కొనసాగుతున్న ప్రాజెక్టు ఉద్యోగులకు క్రమబద్ధీకరణలో ప్రాధాన్యం ఇవ్వాలి. అంతవరకు సమాన పనికి సమాన వేతనం, భవిష్యనిధి, ప్రసూతి రక్షణ అమలు జరపాలి.

3. ఫెలోషిప్‌లను ధరల సూచీతో ముడిపెట్టి, ప్రతి నెలా మొదటి వారంలో చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ చెల్లించాలి.

4. ప్రయోగశాలల నిత్యకృత్యాలలో గుత్తేదారీ పద్ధతిని రద్దు చేయాలి.

5. ప్రజాధనంతో రూపొందిన పరిజ్ఞానాన్ని బదిలీ చేసే ప్రతి ఒప్పందపు షరతులను బహిరంగపరచాలి. రాయల్టీలో న్యాయమైన భాగం టెక్నీషియన్‌తో సహా మొత్తం బృందానికి చేరాలి. ప్రాణావసరమైన మందుల విషయంలో ఏ ఒక్క కంపెనీకీ గుత్తహక్కు ఇవ్వరాదు.

6. ప్రభుత్వ నిధి నుండి రుణం పొందే ప్రతి కంపెనీ, ఎందరు పరిశోధకులను శాశ్వతంగా నియమిస్తుందో ముందుగా హామీ ఇవ్వాలి.

సోదర సోదరీమణులారా! ప్రతి పరిశోధనాలయంలోని మన అనుబంధ సంఘం తన సభ్యత్వాన్ని ఒప్పంద పరిశోధకులకు, ఫెలోషిప్ విద్యార్థులకు, గుత్తేదారు కింద పనిచేసే కార్మికులకు వెంటనే తెరవవలసిందిగా పిలుపునిస్తున్నాము. ఉద్యోగ ప్రకటనలను సేకరించండి. ఒకే పని ఎన్ని పేర్లతో, ఎన్ని గడువులతో ముక్కలు చేయబడిందో జాబితా తయారుచేసి సమాఖ్య కార్యాలయానికి పంపండి. ఆ జాబితాలే రేపు సంప్రదింపుల బల్లపైన, అవసరమైతే న్యాయస్థానంలోను మన సాక్ష్యాలు.

పరిశోధన దేశానికి ఎంత శాశ్వత అవసరమో, పరిశోధకుడు, అతని పక్కన నిలబడే కార్మికుడు దేశానికి అంతే శాశ్వత అవసరం. తమ భవిష్యత్తే పదకొండు నెలలకు మించి కనిపించనివారిని దేశ భవిష్యత్తు నిర్మించమని అడిగే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.